రిముస్కిలో మొహమాటం పనికిరాదు

కెనడాలో చదువుకునే మనవాళ్లకు ఫ్రెంచ్ ప్రాంతమంటే మాంట్రియల్, మహా అయితే క్యూబెక్ సిటీ. సెలవులకు అది కూడా దాటి, నది ఒడ్డునున్న రిముస్కి వెళ్తానంటే కిచెనర్‌లో మేం అద్దెకుంటున్న బేస్‌మెంట్ మొత్తం నవ్వింది.

"అక్కడ ఏముందక్కా చూడ్డానికి? మాంట్రియల్ పోదాం, ఇంగ్లిష్‌తో పనైపోతుంది," అంది నా రూమ్మేట్ శ్రావణి.

"అట్ల కావద్దనే పోతున్న," అన్నాను.

పీఆర్‌కి, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతికి, పాయింట్లు పెరగాలంటే నాకు ఫ్రెంచ్ ఒక్కటే దారి. చదవడం, రాయడం వచ్చాయి. మాట్లాడే పరీక్షలో మాత్రం నోరు పెగల్లేదు, తప్పాను. వర్క్ పర్మిట్ అయిపోయేలోగా మళ్లీ రాసి గట్టెక్కకపోతే పెట్టె సర్దుకోవాల్సిందే. నాకు ఇంగ్లిష్ దొరకని ఊరే కావాలి.

శుక్రవారం టొరంటో నుంచి రైల్లో మాంట్రియల్ చేరి, మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. వెళ్లేవాళ్లు టికెట్ ముందే తీసుకోండి, పులిహోర కట్టుకోండి. బస్సు ఆగిన చోట్ల నాకు కాఫీ, చిప్స్ తప్ప ఏమీ దొరకలేదు. క్యూబెక్ సిటీ దాటాక ఎడమ పక్కన సెయింట్ లారెన్స్ నది వెడల్పవుతూ పోయింది. పక్క సీటు పెద్దాయన కిటికీలోంచి చూపిస్తూ, "ఇక్కడ మేం దీన్ని సముద్రమనే అంటాం," అన్నాడు ఫ్రెంచ్‌లో. అర్థమైంది. జవాబు చెప్పలేక తలూపాను.

సాయంత్రానికి రిముస్కిలో దిగాను. బస జినెట్ గారింట్లో. ఆవిడ రిటైరైన నర్సు, అద్దెలోనే రాత్రి భోజనం కూడా పెడతారు. ఓవెన్‌లోంచి సాల్మన్ చేప కూరి కాల్చిన 'పై' తీసి, "పెట్టనా?" అన్నారు. అలవాటు కొద్దీ "వద్దండి" అన్నాను. మన ఇళ్లలో వద్దన్నాకే కదా అసలు వడ్డన మొదలయ్యేది! ఆవిడ "సరే" అని తన ముక్క తను కోసుకుని, మిగతాది లోపల పెట్టేసి, నా ఎదురుగానే తినసాగారు.

కడుపు మండింది. వ్యాకరణం సంగతి ఎవడికి కావాలి?

"నేను అబద్ధం చెప్పాను! నాకు చాలా ఆకలి! మా దగ్గర మొదట వద్దంటాం. మీరు మళ్లీ అడగాలి. మూడుసార్లు అడగాలి!"

క్రియలన్నీ తప్పే అయ్యుంటాయి. జినెట్ గారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, 'పై'ని మళ్లీ బయటికి తీశారు. "ఇక్కడ ఆకలైతే ఆకలి అని చెప్పాలమ్మాయ్. ఊహించి పెట్టేవాళ్లెవరూ లేరు," అన్నారు. ఫ్రెంచ్‌లో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. నాకు ఏడుపూ వచ్చింది, రెండో ముక్కా దిగింది.

తర్వాత రెండు రోజులు లైట్‌హౌస్ దగ్గర, ఉప్పుగాలి కొట్టే ఒడ్డున, కేఫ్‌లో, కనబడ్డ ప్రతివాళ్లతో మాట్లాడాను. తప్పులకు నవ్వారు, కానీ ఆగి విన్నారు. ఏముంది చూడ్డానికి అనేవాళ్లకు నా జవాబు ఇదే: చూడ్డానికి కాదు, నోరు తెరవడానికి వెళ్లండి. పరీక్షకు అక్కడి నుంచే అప్లై చేశాను.

తిరుగు ప్రయాణంలో మాంట్రియల్ స్టేషన్ కౌంటర్‌లో కుర్రాడు నా మొహం చూడగానే ఇంగ్లిష్ అందుకున్నాడు.

"ఫ్రెంచ్‌లోనే మాట్లాడదాం," అన్నాను.

"మీకు సులువుగా ఉంటుందని..."

"సులువు నేను అడగలేదు."

వెనక క్యూలో ఎవరో నిట్టూర్చారు. నిట్టూర్చనీ అనుకుని, టికెట్ అడుగుతూ తడబడిన వాక్యాన్ని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. అది పూర్తయ్యేదాకా కౌంటర్ దగ్గర్నుంచి కదల్లేదు.