వన్స్‌మోర్‌కి కూలిన కోట

గుంటూరు జిల్లాలో ఉన్నన్నాళ్ళూ కళలకు సర్కారిచ్చే డబ్బంతా గుంటూరులోనే ఆగిపోతోందని మా గురజాల నాటక సమాజం వాళ్ళం తిట్టుకునేవాళ్ళం. పల్నాడు వేరే జిల్లా అయ్యాక ఆ బాధ తీరింది. ఇప్పుడు జిల్లా కేంద్రం నరసరావుపేటలో ఆగిపోతోందని తిట్టుకుంటున్నాం. దూరం తగ్గింది కదా, తిట్లు త్వరగా చేరతాయి.

చేరాయో ఏమో, ఆ మధ్య కొత్త పద్ధతి పెట్టారు. గురజాల, మాచర్ల, నరసరావుపేట సమాజాలు నరసరావుపేటలోనే ఒకే వేదిక మీద తలా ఇరవై నిమిషాలు ఒక రంగం ఆడాలి. గంట కొట్టేలోపు పూర్తి చేసినవాళ్ళకే సాయం. ఇంతకన్నా సమన్యాయం ఏముంటుంది?

మాకు ఆ డబ్బు తెర కోసం కావాలి. కొండవీటి రాజుల మీద మేమే రాసుకున్న నాటకానికి కోట బొమ్మ వేసిన తెర ఒక్కటే ఉంది. చినిగినచోటల్లా దాచేపల్లి సిమెంటు సంచులు కుట్టాం. సిమెంటుతో కట్టిన కోటే, అయినా గాలి వీస్తే బురుజు పక్కకు తొలగి, వెనక టీ తాగుతున్న రాజుగారు కనిపిస్తారు. జిల్లా కోటా వస్తే గానీ మా కోట నిలవదు.

రాజు వేషం మా వీధి లారీ మెకానిక్ సాయిబు మామది. ఆయన గొంతెత్తితే ఇంజన్లు వాటంతటవే స్టార్టవుతాయంటారు. నాది వార్తాహరుడి వేషం. వేషమే గానీ విశేషం లేదు. చివర్లో పరుగున వచ్చి, శత్రువులు కోటను ముట్టడించారని ఒక్క పద్యం పాడాలి. అది అయితేనే రంగం అయినట్టు.

మొదట మేమే. మామ తొలి పద్యం ముగించాడో లేదో, వెనక వరసల్లోంచి "వన్స్‌మోర్!" అని కేక. చూస్తే మాచర్ల వాళ్ళు.

పక్కనుంచి చేతులూపాను. "వద్దు మామా, కావాలనే అంటన్నారు! టైమైపోద్ది!"

మామ మీసం దువ్వుతున్నట్టు నటిస్తూ నా వైపు జరిగాడు. "ఎవుడంటే ఏందిరా? వన్స్‌మోర్ అన్నాక పాడకుండా దిగినోడు పల్నాట్లో ఉన్నాడంట్రా?"

మళ్ళీ పాడాడు. మళ్ళీ అన్నారు. కళ్ళు తుడుచుకుంటూ కూడా అన్నారు. నటనలో మాచర్ల వాళ్ళకు వంక పెట్టలేం. నేను పరుగుకు సిద్ధంగా ఒంటికాలి మీద నిలబడి ఉండగానే గంట కొట్టారు. శత్రువులు ముట్టడించిన సంగతి మా రాజుకు ఇప్పటికీ తెలియదు.

మాచర్ల వాళ్ళు వేదికెక్కగానే మేమూ మర్యాద చేశాం. నా గొంతు పద్యానికెలా ఉన్నా, కేకకు భేషుగ్గా ఉంది. వాళ్ళ రాజుకూ పౌరుషం తక్కువేం కాదు. మూడోసారి రాగం తీస్తుండగా గంట.

నరసరావుపేట వంతు వచ్చేసరికి మా రెండు ఊళ్ళ గొంతులూ పోయాయి. ఆ నిశ్శబ్దంలో వాళ్ళు హాయిగా ఆడి, గంటకు ముందే తెర దించారు. డబ్బు బస్సెక్కే పని లేకుండా అక్కడే ఉండిపోయింది. అన్యాయం అని అరుద్దామన్నా మాకు గొంతు పెగల్లేదు.

తిరిగొస్తూ దాచేపల్లిలో టీకి ఆగితే మాచర్ల వాళ్ళ బండీ అక్కడే ఉంది. వాళ్ళ రాజు మామ భుజం తట్టాడు. "ఏం గొంతు బావా! మూడోసారి మాత్రం నిజంగానే అన్నాం." తర్వాత నాకేసి తిరిగి, "నీదేం వేషం తమ్ముడూ? అసలు కనపళ్ళేదే!" అన్నాడు.

చెప్పాను. పాడమన్నారు. లారీల మోతలోనే మొత్తం పాడాను. అందరూ ఎంతో మర్యాదగా విన్నారు. వన్స్‌మోర్ అని ఒక్కరూ అనలేదు.

మామ గ్లాసు కింద పెట్టాడు.

"ఒరేయ్, రాజు వేషం నీకిచ్చుంటే ఈపాటికి మనకి కొత్త తెర వచ్చుండేది గదరా!"