నైజర్ నదిని ఎవరు తిప్పించినారు?

లైబ్రరీలో చదివినదంతా ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయే వయసు ఒకటుంటుంది. ఆ రోజుల్లో నేను సరిగ్గా ఆ వయసులో ఉన్నాను. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం లేదు, ఉదయగిరి లైబ్రరీలో భూగోళం పుస్తకాలన్నీ నావే (ఇంకెవరూ అడిగేవారు కారు కాబట్టి). ఆత్మకూరులో ఒక కోచింగ్ సెంటరుకు సోషల్ చెప్పే మనిషి కావాలంటే, డెమో క్లాసు చెప్పడానికి పొద్దున్నే బస్సెక్కాను. ఈ ఉద్యోగం రాకపోతే మామ చికెన్ కొట్లో కూర్చోవాల్సిందేనని నాయన ముందే చెప్పేశాడు.

నైలు నది ఎవరైనా చెబుతారు, మన ప్రత్యేకత కనపడాలి కదా అని నైజర్ నదిని ఎంచుకున్నాను. బోర్డు మీద ఆఫ్రికా బొమ్మ వేసి (కొంచెం మామిడికాయలా వచ్చింది) మొదలుపెట్టాను. "ఈ నది గినీ కొండల్లో, సముద్రానికి దగ్గర్లోనే పుడుతుంది. కానీ సముద్రానికి వీపు తిప్పి, ఈశాన్యంగా మాలి దేశం మీదుగా సహారా ఎడారి అంచుదాకా పోతుంది. టింబక్టూ దాటాక పెద్ద వంపు తిరిగి, ఆగ్నేయంగా దిగి, నైజీరియాలో చివరికి సముద్రంలోనే కలుస్తుంది."

వెనక బెంచీలో సెంటరు ఓనరు పక్కన వాళ్ళ నాయన కూర్చుని ఉన్నాడు. కొండాపురం పక్క మెట్ట రైతు, బోర్లన్నీ ఎండిపోయిన మనిషి.

"ఎడారికాడికి ఆ నదిని ఎవురు తిప్పించినారబ్బాయా?" అన్నాడు.

"ఎవరూ తిప్పించలేదండీ. అదే తిరిగింది."

"అదే తిరుగుతాదా? మాకు పిల్లకాలవ ఇటు తిప్పమని ఎంతమంది మంత్రులకు దండలేసినామో! ఆడ ఎవురు మంత్రి?"

పిల్లలు కిసుక్కుమన్నారు. "నాయనా, నువ్వూరుకో" అన్నాడు ఓనరు. నాకు ఒళ్ళు మండింది.

"మంత్రీ లేడు, ఎమ్మెల్యే లేడు పెద్దాయనా! ఒకప్పుడవి రెండు నదులంటారు. పైది ఎడారిలో ఒక సరస్సులో కలిసేది, కిందది సముద్రానికి పోయేది. తర్వాత రెండూ కలిసిపోయాయి."

"అట్ట చెప్పు! రెండూ కలిపినారన్నమాట. కాంట్రాక్టు ఎవురికిచ్చినారు?"

నా చేతిలో చాక్‌పీసు విరిగింది. "కాంట్రాక్టర్లు పుట్టకముందు సంగతండీ అది!" అని అరిచేశాను. చికెన్ కొట్టు వాసన అక్కడికే వచ్చినట్టనిపించింది.

పెద్దాయన లేచి బోర్డు దగ్గరికొచ్చాడు. నా నైజర్ వంపును కాసేపు చూశాడు.

"కోపం ఉండాది, విషయమూ ఉండాది. రేపట్నించి రా. ఈ నది మాత్రం చెప్పబాకు."

"ఎందుకండీ?"

"నీళ్ళు వాటంతటవే తిరిగొస్తాయని పిల్లోళ్ళు నమ్మినారంటే, రేపు మా కాలవ ధర్నాకు ఎవుడొస్తాడు?"

ఆ ఏడాదంతా పళ్ళు కొరుక్కుంటూ ఆఫ్రికా నదులన్నీ చెప్పాను, నైజర్ తప్ప. ఆయన మాటకు జవాబు వెతకడానికి ఆ సాయంత్రం బస్సు దిగీ దిగకముందే లైబ్రరీకి పరిగెత్తిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పాపం, ఆ జవాబు ఏ బీరువాలో దొరుకుతుందనుకున్నాడో!