గోటికి తగిలిన గీత

మొన్న మెకానిక్ నా బండి ముందు ఫోర్కు రాడ్డు మీద గోరుతో రాసి చూసి, "గీత పడింది మేడమ్, ఇది ఆయిల్ సీలును కోసేస్తుంది, ఆయిలు కారిపోతుంది" అన్నాడు. నా మీద నాకే ఒళ్లు మండిపోయింది.

ఆత్మకూరులో మెకానిక్ మస్తానయ్య కూడా ఒకప్పుడు అలాగే గోటితో రాసి చూశాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఉదయగిరిలో పంతులుగా పనిచేసే మా నాయనకు పాత మోటారు సైకిలు ఉండేది. ఫోర్కు రాడ్లు తుప్పుపట్టి ఆయిలు కారుతుంటే, మస్తానయ్య తుప్పు తీసి కొత్త సీళ్లు వేశాడు. ఇంకా మచ్చలున్నాయని, ఆదివారం చర్చికి పోయేలోపు మెరవాలని, అవ్వ ఇత్తడి బిందెలు తోమినట్టే నేను ఆ రాడ్లను చింతపండు, ఇటుక పొడితో తోమాను. తళతళలాడాయి.

వారానికే మళ్లీ ఆయిలు కారింది. నాయన నన్ను కూడా ఎక్కించుకుని ఆత్మకూరు పోయి, నలుగురి ముందూ మస్తానయ్యను నిలదీశాడు.

"పాత సీళ్లే వేసి పంపినావు. సిగ్గుండాదా నీకు?"

మస్తానయ్య రాడ్ల మీద గోటితో రాసి చూశాడు. "వీటినెవురన్నా తోమినారా సార్?"

"నా బండిని ముట్టుకునేదెవురు మా ఇంట్లో?"

మస్తానయ్య నావైపు చూశాడు. ముట్టుకున్నానంటే వీపు పగులుతుందని తల దించుకున్నాను.

"నాదే తప్పు సార్. మళ్లీ చేసిస్తా" అన్నాడతను.

అంత పెద్ద మనిషి ఒప్పుకున్నాడంటే తప్పు అతనిదేనని నమ్మేశాను. నేను మెరిపించిన బండిని పాడుచేశాడని ఒకటే కోపం. తిరిగొస్తూ "దొంగ మస్తాను" అన్నాను. నాయన నవ్వి, ఆ మాట ఊరంతా చెప్పాడు. ఉదయగిరి నుంచి మళ్లీ ఒక్క బండీ అతని దగ్గరికి పోలేదు.

ఆ పేరు పెట్టింది నేను.