ఎత్తని గొడుగు

తిరువూరు హైస్కూల్లో నాకు సైన్సు చెప్పిన మేస్టారు పోయారని ఉత్తరం అందేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. అప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఆయన్ని అడగాల్సిన మాట ఒకటి అడక్కుండానే ఉండిపోయింది.

నాలుగేళ్ళ కిందట నా చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి ఎ.కొండూరులో టీచరు ఉద్యోగానికి ఆర్డరు. రెండోది పీహెచ్‌డీలో చేరమని యూనివర్సిటీ ఉత్తరం. చిన్న ఈగలు గుడ్లు పెడితే మామిడాకుల మీద లేచే బుడిపెలు నా పరిశోధన విషయం. దేశం మొత్తంలో వాటిని పట్టించుకునేవాళ్ళు ఒక్క జీపులో పట్టేస్తారు. బుడిపెలు చూస్తే ఎవరు జీతమిస్తారని నాన్న అడిగారు. సోమవారంలోగా తేల్చుకోవాలి.

మేస్టారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన వెళ్ళమనలేదు, మానమనీ అనలేదు. "రేపు రెడ్డిగూడెం వెళ్దాం రా అమ్మాయ్. ఆ బుడిపెలేంటో నాకూ చూపించు" అన్నారు.

బస్సుల విషయంలో ఆయనకు మహా చాదస్తం. అరగంట ముందే రోడ్డెక్కి నిలబడేవారు. దూరాన బస్సు కనపడగానే నల్లగొడుగు నిటారుగా ఎత్తేవారు. ఆ గొడుగు చూస్తే డ్రైవర్లు ఎక్కడైనా ఆపేవారు. క్లాసులో కూడా అంతే పట్టింపు. "ముందు చూసింది రాయండి, అనుకున్నది తర్వాత" అనేవారు.

మర్నాడు సాయంత్రం రెడ్డిగూడెంలో మామిడితోట పక్కన రోడ్డు మీద బస్సు కోసం నిలబడి, ఒక ఆకు తిప్పి తిప్పి చూస్తూ ఆయనకేదో చెబుతూనే ఉన్నాను. తలెత్తేసరికి బస్సు మమ్మల్ని దాటిపోయింది. "పోయిందే" అని ఊరుకున్నారు. ఇంకో బస్సు వచ్చేదాకా రెండు గంటలు నిలబడ్డాం. సలహా చెప్పకుండా తప్పించుకున్నారని నాకు ఒళ్ళు మండింది. ఆ మొండితనంతోనే యూనివర్సిటీలో చేరాను. థీసిస్ ఇంకా తెమలలేదు. నాతో చదివినవాళ్ళంతా ఉద్యోగాల్లో కుదురుకున్నారు. తప్పు చేశానా అని రోజూ పీకుతూనే ఉంటుంది. ఆయన్ని అడగాలనుకున్నదీ అదే.

మొన్న వాళ్ళింటికి వెళ్తే మేస్టారి భార్య కాఫీ ఇచ్చి పక్కన కూర్చున్నారు.

"జన్మలో ఆ ఒక్క బస్సేనమ్మా ఆయన కావాలని వదిలేసింది. బస్సు కనపడింది, ఆ పిల్ల మాత్రం ఆకు మీంచి తలెత్తలేదు, ఇంక నేను గొడుగెలా ఎత్తను అన్నారు."

నాకు ఏడుపు ఆగలేదు.

తిరుగు బస్సు ఆ తోట పక్కనుంచే వచ్చింది. ఎవరో చెయ్యెత్తితే ఆగింది. కిటికీలోంచి చూస్తుంటే నాకు ఆయనే కనిపించారు. ముడిచిన గొడుగు చంకలో పెట్టుకుని, వచ్చే బస్సును చూస్తూ, కదలకుండా నిలబడి ఉన్నారు.