కడగని సన్నికల్లు

మాస్టారు పోయారని గురువారం పొద్దున అమెరికాలో మా ఊరు బెంటన్‌విల్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో చూశాను. కింద వరసగా దండాలు, పువ్వులు. ఎవరో "ఆయనతో ఒక యుగం అంతరించింది" అని రాశారు. ఆ మాట మాస్టారి కంట పడి ఉంటే ఎర్ర పెన్ను తీసేవారు. అంతరించడం అనే మాటంటేనే ఆయనకు ఒళ్ళుమంట. ఆ మంట నాకూ అంటించి పోయారు.

ఆయన ఇక్కడి కాలేజీలో పురావస్తు శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఊరికి గంట దూరంలో, కొండ అంచు చూరులా ముందుకొచ్చిన చోట, వేల ఏళ్ళ కిందట వేటాడి, ఏరుకుని తిని బతికిన జనం ఉండేవారు. శనివారాలు వాలంటీర్లతో అక్కడ తవ్వించేవారు. నేను ఉద్యోగం చేసే వీలులేని వీసా మీద ఉన్నదాన్ని. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక చేరాను. ఆయన డ్రైవింగ్ మానేశారు కాబట్టి నా కార్‌లోనే వచ్చేవారు.

ఆయన పోరాటమంతా ఒక అట్టముక్క మీద. దగ్గరలోని చిన్న మ్యూజియంలో ఆ జనం గురించి ఇలా రాసి ఉంది: "పెద్ద జంతువులు పోయాయి. ఎండలు ముదిరాయి. ఆకలికి తట్టుకోలేక వీరు అంతరించారు."

"ఆకలికి చచ్చారట! ఎవడు చూశాడమ్మా?" అనేవారు కార్‌లో. "ఏనుగుల్లాంటివి పోతే జింకల్ని కొట్టారు. అడవి పల్చబడితే గడ్డిగింజలు దులుపుకున్నారు. ఓక్ కాయలు చేదా, నానబెట్టి చేదు తీసి తిన్నారు. అంతరించారని రాసేముందు వాళ్ళ వంటిల్లు చూడొద్దూ?"

మ్యూజియంవాళ్ళు సాక్ష్యం తెమ్మన్నారు.

ఆ సాక్ష్యం నా చేతికే దొరికింది. ఎండలు ముదిరిన కాలపు మట్టిపొరలో ఒక సన్నికల్లు. నూరి నూరి మధ్యలో గుంట పడింది. మా అమ్మ వంటింట్లోది గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. చెకుముకి రాతి పెచ్చుల్ని వారం వారం కడుగుతూనే ఉన్నాం, ఇదీ అంతే అనుకున్నాను. వాగు దగ్గరికి తీసుకెళ్ళి, లంచ్ బాక్స్ కోసం తెచ్చుకున్న గిన్నెల సబ్బు వేసి, బ్రష్‌తో తళతళలాడేలా తోమాను. మెచ్చుకుంటారని రెండు చేతులా తెచ్చి ఆయన ముందు పెట్టాను.

మాస్టారు బోర్లించిన బకెట్ మీద కూలబడ్డారు. వాళ్ళు ఏం నూరుకున్నారో చెప్పే పిండి రేణువులు రాతి రంధ్రాల్లో దాగి ఉంటాయనీ, నేను తోమేసింది వాటినేననీ చెప్పారు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఇన్ని వేల ఏళ్ళు ఎవరూ ముట్టని రాయి. తెలుగింటి ఆడపిల్ల కంటపడింది, అయిపోయింది," అని నవ్వేశారు. "ఏడవకమ్మా. ఒక్క రాయితో బతికారా వాళ్ళు? ఇంకోటి ఉంటుంది. తవ్వుదాం."

నాలుగేళ్ళు తవ్వాం. ప్రతి శనివారం కార్ ఎక్కగానే "సబ్బు తేలేదు కదా?" అని అడిగేవారు. చివరి ఏడాది ఊపిరితిత్తులు పాడయ్యాయి. దుమ్ములోకి వెళ్ళొద్దని డాక్టర్ చెప్పారు.

"ఈ వారం ఎండ మండిపోతోంది, వద్దండీ మాస్టారూ," అన్నాను.

"ఎండకి భయపడి మానేస్తే, ఆ ఎండల్లో బతికినవాళ్ళ ముందు నా పరువేం కాను?" అని మాస్క్, గొడుగు, మడతకుర్చీతో తయారయ్యారు. అప్పుడు ఆ మొండితనం మీద కోపం వచ్చేది. ఇప్పుడు అందులో కొంచెమైనా నాకు మిగిలితే చాలనిపిస్తోంది.

ఆయన పోయిన రెండు రోజులకే శనివారం. "ఈ ఒక్క వారం స్కిప్ చెయ్, రెస్ట్ తీసుకో," అన్నారు మా ఆయన. నేను వినలేదు. మధ్యాహ్నం అదే పొరలో నా తాపీకి ఇంకో రాయి తగిలింది. సగం విరిగిన సన్నికల్లు. కథలా ఉందని మీరు నవ్వినా సరే. దాని మట్టి వదలగొట్టాలని వేళ్ళు ఎంత లాగాయో నాకే తెలుసు. మట్టితో సహా కాగితంలో చుట్టి, పైన ఎర్ర పెన్నుతో "కడగరాదు" అని రాశాను.

ల్యాబ్ ఏం చెబుతుందో తెలియదు. ఇందులో ఏమీ లేదంటే ఇంకోటి తవ్వుతాం. ఆ అట్టముక్క మారేదాకా నేను వదలను.

తిరిగి వచ్చేటప్పుడు ఆ రాయిని మాస్టారు కూర్చునే సీట్లో పెట్టాను. కార్ కదలగానే, అక్కడెవరో కూర్చున్నారనుకుని బెల్ట్ అలారం మోగడం మొదలుపెట్టింది. బండి పక్కకి ఆపి, రాయికి సీట్ బెల్ట్ పెట్టాను.