సున్నం కొట్టిన గోడ

పోర్ట్ బ్లెయిర్‌లో ఇళ్ళ తగాదాలు, స్థలాల తగాదాలు చూసే లాయరుకి సగం ఉద్యోగం కొండలెక్కడమే. నల్లకోటు చంకన పెట్టుకుని, బురదలో పడి, ఎవరిదో ఒక గోడ చూసి రావాలి. ఎన్నో గోడలు చూశాను. ప్రోతరాపూర్‌లో చూసిన గోడ మాత్రం ఇప్పటికీ నన్ను వదలడం లేదు.

ఆ ఇల్లు రిటైరైన ఒక టీచరమ్మది. శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం, ఆవిడ మాత్రం ఇక్కడే పుట్టింది. భర్త పోయాక ఆ మూడు గదులే ఆవిడకి ఆధారం. కింది స్థలంవాడు లాడ్జి కడతానని జేసీబీ తెచ్చి, ఆవిడ వెనకగోడ కిందున్న కొండమట్టిని తవ్వుకుంటూ పోయాడు. గోడ నిలువునా పగిలింది. ఆ పగుల్లో నా చెయ్యి దూరేది. ఇంకాస్త తవ్వితే వానలకి ఇల్లు జారిపోవడం ఖాయం. కోర్టుకెళ్ళి తాత్కాలికంగా తవ్వకం ఆపించాను. ఫోటోలు పెడితే, అవి ఎవరింటివో ఏమోనని అవతలి లాయరు నవ్వాడు. దాంతో జడ్జిగారు స్వయంగా చూసి రమ్మని ఒక సీనియర్ వకీలుని కమిషనరుగా వేశారు. ఆ పగులు కళ్ళతో చూస్తే ఇంక వాదనే అక్కర్లేదని సంబరపడ్డాను.

ఆ పొద్దున అందరం కలిసి వెళ్ళాం. వాకిట్లో పెద్ద ముగ్గు. లోపల పచ్చి సున్నం వాసన. వెనకగదిలోకి వెళ్ళి చూస్తే పగులు లేదు. సిమెంటు పూసి, పైన తెల్లగా సున్నం కొట్టించి ఉంది.

"ఏంటమ్మా ఇది?" అన్నాను.

"కోర్టు సాబ్ మనింటికొస్తన్నారు కదా బాబూ. పగిలిన గోడ ముందు కూకోబెడితే మన ఇజ్జత్ ఏటవుద్ది? మిస్త్రీ భయ్యాని బతిమాలి పూయించాను," అంది, టీ కప్పులు అందిస్తూ.

పెద్దమనిషి వస్తున్నాడంటే మన ఇళ్ళల్లో ఎవరైనా చేసే పనే చేసింది. కోపంతో ఒళ్ళు మండిపోయింది, కానీ ఎవరి మీద అరవను? పైపూత గీకించి చూడమని కమిషనరుని బతిమాలాను. అవతలి లాయరు అడ్డుపడ్డాడు. ఉన్నది ఉన్నట్టు రాయడమే తన పని అని చెప్పి, కమిషనరు టీ తాగి, గోడ బాగానే ఉందని రాసుకుపోయాడు.

ఆ రాత చూసి కోర్టు తవ్వకానికి అడ్డు తీసేసింది. జేసీబీ మళ్ళీ దిగింది. నేను పైకోర్టుకి కాగితాలు సిద్ధం చేస్తూండగానే వాన పట్టుకుంది. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. టీచరమ్మ బతు బస్తీలో కూతుర్ని చూడ్డానికి వెళ్ళిన సాయంత్రం, వెనకగది మొత్తం కిందికి జారిపోయింది.

మర్నాడు వెళ్ళేసరికి ఆవిడ వెనకవైపు తెరుచుకుపోయి వాన కొడుతున్న నడిమి గదిలో గొడుగు వేసుకుని నిలబడి ఉంది. కింద బురదలో సున్నం కొట్టిన పెళ్ళలు తెల్లగా కనిపిస్తున్నాయి. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడైతే బాగా కనబడతంది కదా బాబూ. ఆ సాబ్‌ని ఇంకొక్కసారి పిలవగలవా?"