ఏటవాలు పాటలు

ఉదయగిరిలో మా ఇంటికి ప్రింటరు వచ్చిన కొత్తలో, చర్చికి క్రిస్మస్ పాటల కాగితాలు తీసే పని నాయన నాకు అప్పగించాడు. నేను కాగితాల కట్ట అంచులు సమం చేయకుండానే ట్రేలో వదులుగా పెట్టేశాను. పాటలన్నీ ఏటవాలుగా అచ్చయ్యాయి.

"ఇట్టా వదులుగా పెడితే కాగితం పక్కకి పోతాదమ్మా. ట్రేలో రెండు పక్కలా ఉండే పట్టీల్ని కాగితానికి ఆనీ ఆననట్టు జరపాల," అన్నాడు నాయన.

మళ్లీ తీద్దామంటే కాగితాలు అయిపోయాయి. మరునాడు చర్చిలో అందరూ తలలు ఒక పక్కకు వంచి పాడుతుంటే, అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. ఆమెను చూసి నాయన కూడా నవ్వేశాడు.

ఇప్పుడు అక్కడ పాటలు తెర మీద చూపిస్తున్నారు. ఆత్మకూరులో ఉంటున్న నేను కాగితం తిన్నగానే పెడతాను గానీ, పాటలు తీసిమ్మని అడిగేవాళ్లు లేరు.